రిపేరు చీటీ

గవర్నరుపేట సందులో నా కొట్టు.
పైన కుట్టుమిషన్లు, పక్కన జిరాక్సు,
మధ్యలో నేనూ నా సోల్డరింగ్ పొగా.

అటక మీద ఒక ఆంప్లిఫయర్.
దాని చెవికి దారంతో కట్టిన చీటీ, నా రాతే:
యోనా. ఎడమ స్పీకరు కొట్టుకుంటోంది. శుక్రవారం ఇవ్వాలి.
ఏ శుక్రవారమో రాసుకోలేదు.

యోనా అంటే మీకు తెలియదు.
ఊరికీ పెద్దగా తెలియదు.
లోకో షెడ్డు ఫిట్టరు కొడుకు.
అగరొత్తి పుల్లలా ఉండేవాడు,
నోరు తెరిచాడంటే
గూడ్సుబండి కృష్ణ బ్రిడ్జి ఎక్కినట్టే.
చర్చి కోయిర్‌లోంచి పంపేశారు,
"ప్రభువుకి చెవుడు లేదు బాబూ" అని ఒక పెద్దాయన.
"తాళాలు గట్టిగా కొట్టమని కీర్తనల్లో ఉందిగా" అని వీడు.

తెలుగులో రాక్ ఏంట్రా అని నేనూ నవ్వాను.
"నీకు కోపం ఏ భాషలో వస్తుందన్నా?"
నీళ్ళ ట్యాంకరు దగ్గర,
సిటీబస్సులో చిల్లర దగ్గర,
బందరు కాలవ గట్టున ఇళ్ళు పీకేసిన రోజున
మనం అన్నవీ, అనలేక మింగినవీ
అన్నీ ఏరుకుపోయి గిటారుకు బిగించేవాడు.
ఒక తీగ తెగితే ఐదింటితోనే,
జీతం వచ్చేదాకా.

ఆ మే నెల మధ్యాహ్నం నాకు బాగా గుర్తు.
బెజవాడని పెనం మీద పెట్టి ఎవరో మరిచిపోయారు.
ఎర్తింగు సరిగా లేక పెట్టె గుయ్‌మంటోంది,
ఆ రొద తీసే పనిలో ఉన్నాను.
"ఉంచన్నా."
కళ్ళు మూసుకుని
ఆ గుయ్ మీద గొంతు ఆనించాడు.
"వాళ్ళకి తంబూరా, నాకు కరెంటు.
ఇబ్రహీంపట్నంలో బొగ్గు తగలబడి
తీగల మీద నడుచుకుంటూ వస్తుంది.
ఊళ్ళో ప్రతి గోడలో ఇదే శృతి,
ఎవరూ వినరు గానీ."

జిరాక్సు కుర్రాడు మిషను ఆపేశాడు.
పైన కుట్టు ఆగింది.
అప్పుడే కరెంటు పోయింది.
వాడు పోనివ్వలేదు,
ఆ శృతిని పట్టుకునే ఉన్నాడు
కరెంటు తిరిగి వచ్చి కలుసుకునేదాకా.

పాతకాలం యోనా
పెద్ద చేప కడుపులో మూడు రోజులున్నాడట.
మావాడూ మూడు రోజులే,
సూర్యారావుపేటలో, అద్దాల గదిలో.
డెంగ్యూ.
ఎన్ని మైకులు అరిచినా వినని ఊళ్ళో
ఆ రాత్రి ఫోన్లన్నిటిలోనూ వాడి పేరు తిరిగింది:
యోనా, ఇరవై ఆరేళ్ళు, బి నెగెటివ్, అర్జెంటు.
మా ఊరికి వాడు తెలిసింది
రక్తం గ్రూపుగానే.
చేప ఒడ్డుకు రాలేదు.

నలభై రోజులు దాటాక
వాళ్ళ నాన్న వచ్చాడు, చొక్కా జేబులో మడిచిన నోట్లతో.
"మావాడి బాకీ ఎంత?"
ఏమీ లేదన్నాను.
చెయ్యి చెవి వెనక పెట్టుకున్నాడు.
ఏమీ లేదండీ అన్నాను, కాస్త గట్టిగా.
ముప్పై ఏళ్ళ ఇంజన్లు ఆయన చెవుల్లో కాపురం ఉన్నాయి.
మూడోసారి
పొట్టలోంచి, నరాలు తేలేట్టు అరిచాను:
ఏమీ లేదు!
సందంతా తిరిగి చూసింది.

ఆ ఇంట్లో
ఇంకాస్త అన్నం కావాలన్నా
ఇలాగే అడగాలి కదా.

ఆయన తల ఊపి, నోట్లు బల్ల మీదే వదిలి,
ఆంప్లిఫయర్ మీద ఒక్కసారి అరచెయ్యి ఆనించి వెళ్ళాడు.
పెట్టె మాత్రం అడగలేదు.

ఎడమ స్పీకరు బాగుచేశాను.
గుయ్ తీయలేదు.
ఎప్పుడైనా ఆన్ చేస్తే
జిరాక్సు కుర్రాడు, ఇప్పుడు వాడికీ మీసాలొచ్చాయి,
కాగితం చేతిలో పట్టుకుని అలా ఆగిపోతాడు.

చీటీ తీయలేదు.
శుక్రవారాలు
కొట్టు కాస్త ఆలస్యంగా కట్టేస్తాను.